మంచం బోల్టులు – విమానం రివెట్లు

కేంద్ర ప్రభుత్వ పాఠశాలలో ఉద్యోగమంటే బదిలీలు తప్పవు. భిలాయ్ వచ్చేనాటికి సామాను కట్టడం, విప్పడం మాకు బాగా అలవాటైపోయింది. అయినా ఈసారి ఒక తమాషా జరిగింది. లారీ వచ్చింది, సామానంతా క్వార్టర్లోకి చేరింది. మంచం కోళ్ళు, పట్టీలు, చెక్కలు అన్నీ ఉన్నాయి. వాటిని బిగించే ఎనిమిది బోల్టులు మాత్రం కనబడలేదు. సుపేలా బజారుకు వెళ్ళి కొత్తవి తెచ్చాం. కొన్ని పొడుగు, కొన్ని లావు. ఒక్కటీ పట్టలేదు. వారం రోజులు నేలమీదే పడుకున్నాం. చివరికి ఆ బోల్టులు చేతిరుమాల్లో మూటకట్టి, పోపు డబ్బాలున్న పెట్టెలో దొరికాయి. అక్కడ పెట్టింది మేమే!

ఈ సంగతి తరగతిలో చెబితే పిల్లలంతా నవ్వారు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె మాత్రం, "మేడమ్, బోల్టులు లేకపోతే విమానం కూడా ఇలాగే ఆగిపోతుందా?" అని అడిగింది. మంచి ప్రశ్న. ఆగిపోతుంది. ఒకసారి ఆగిపోయింది కూడా.

ఒక వస్తువు తయారు కావడానికి కావలసిన సరుకులన్నీ ఎక్కడెక్కడి నుంచో, సరైన వేళకు, సరైన కొలతతో ఒకచోటికి చేరాలి. ఈ ఏర్పాటునే సరఫరా గొలుసు అంటారు. భిలాయ్ పిల్లలకు దీన్ని పుస్తకంలో చూపించనక్కర లేదు. మన ఉక్కు కర్మాగారానికి ఇనుప ఖనిజం రాజహరా గనుల నుంచి వస్తుంది. సున్నపురాయి నందిని నుంచి వస్తుంది. విదేశాల కోకింగ్ బొగ్గు విశాఖ రేవులో దిగి, రైలెక్కి వస్తుంది. బ్లాస్ట్ ఫర్నేసును వంటింటి పొయ్యిలాగా ఆర్పి, మళ్ళీ వెలిగించడం కుదరదు. అందుకే సరుకు అయిపోయాక వెతుక్కోరు, ముందే నిలవ ఉంచుకుంటారు.

విమానం సంగతి ఇంకా చిక్కు. బోయింగ్ 747లో సుమారు 60 లక్షల భాగాలుంటాయి. వాటిలో సగం బోల్టులు, రివెట్లు వంటి బిగింపు సామానే. అదే కంపెనీ 787 విమానాన్ని తలపెట్టినప్పుడు కొత్త పద్ధతి ఎంచుకుంది. రెక్కలు జపాన్‌లో, నడిమి భాగంలో కొంత ఇటలీలో, మిగతావి మరికొన్ని చోట్ల తయారు చేయించి, అన్నిటినీ అమెరికాలో కలపాలనుకుంది. 2007 జూలై 8న మొదటి విమానాన్ని అట్టహాసంగా లోకానికి చూపించారు. కానీ అసలు బిగింపు సామాను చాలినంత అందకపోవడంతో, దానికి చాలాచోట్ల తాత్కాలికమైనవి పెట్టారు. తర్వాత మరెన్నో ఇబ్బందులు బయటపడ్డాయి. ఆ రకం విమానం మొదటిసారి ఎగిరింది 2009 డిసెంబరు 15న. 2008 మే నెలలో అందవలసిన మొదటి విమానం 2011 సెప్టెంబరులో కొన్నవారికి చేరింది. మాకు వారం పోయింది, వాళ్ళకు మూడేళ్ళు పోయాయి.

మరి బోల్టులు బజారులో కొనుక్కోకూడదా? కూడదు. దీనికీ సమాధానం మన ఊరిలోనే ఉంది. భిలాయ్‌లో తయారైన రైలు పట్టా పక్కభాగాన్ని జాగ్రత్తగా చూస్తే, తయారైన సంవత్సరంతో పాటు 'హీట్ నంబరు' కూడా కనబడుతుంది. కొలిమిలో కరిగించిన ఒక్కో విడత ఉక్కుకు ఒక్కో నంబరు ఇస్తారు. ఎప్పుడైనా ఎక్కడైనా ఒక పట్టా విరిగితే, అది ఏ విడతలోదో, ఆ విడతలోని మిగతా పట్టాలు ఎక్కడున్నాయో వెతికి పట్టుకోవచ్చు. విమానంలో ముఖ్యమైన ప్రతి భాగానికీ ఇలాంటి పుట్టుపూర్వోత్తరాల కాగితం ఉండాలి. అది లేని బోల్టు ఎంత గట్టిదైనా విమానానికి పనికిరాదు. కొత్త తయారీదారును తీసుకోవాలంటే పరీక్షలకు, అనుమతులకు ఏళ్ళు పడుతుంది. అందుకే ఈ రంగంలో సరుకు ఇచ్చేవారు తక్కువ. అందులో ఒక్కరు ఆగినా ఇబ్బంది ఎక్కువ.

2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక బోయింగ్ రష్యా నుంచి టైటానియం కొనడం ఆపేసింది. తేలికగా, దృఢంగా ఉండే ఆ లోహం లేకుండా నేటి విమానం లేదు. ముందునుంచే నిలవలు పెట్టుకుని, వేరేచోట్ల కూడా కొంటూ ఉండటం వల్ల పని ఆగలేదు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వకుండా, ముందే తవ్వి ఉంచుకోవడమన్న మాట. ఈ రంగంలో వ్యూహం అనే పెద్ద మాటకు అర్థం ఇంతే.

ఈ గొలుసులో మన తెలుగువారి ఊళ్ళూ ఉన్నాయి. హైదరాబాద్ దగ్గరి ఆదిబట్లలో అపాచీ హెలికాప్టర్ల దేహాలు తయారవుతాయి. ఆ కర్మాగారం 2018లో మొదలైంది. అక్కడి నుంచి అవి అమెరికాకు వెళ్ళి పూర్తి హెలికాప్టర్లవుతాయి. సీ-130జె రవాణా విమానాల తోక భాగాలు కూడా ఆదిబట్లలోనే చేస్తారు. 1973లో హైదరాబాద్‌లో స్థాపించిన మిధాని సంస్థ టైటానియం మిశ్రలోహాలు, ఇంజిన్ల వేడిని తట్టుకునే ప్రత్యేక లోహాలు తయారు చేస్తుంది.

అయితే అంతా మన చేతిలోనే ఉందని మురిసిపోకూడదు. మన తేజస్ యుద్ధవిమానాన్నే చూడండి. కొత్త తేజస్ నడిమి భాగం హైదరాబాద్‌లో, రెక్కలు కోయంబత్తూరులో చేయిస్తున్నారు. కూర్పు బెంగళూరులో. ఇంజిన్ మాత్రం అమెరికాది. 99 ఇంజిన్ల కోసం 2021లో ఒప్పందం చేసుకుంటే, వాటిలో మొదటిది 2025 మార్చిలో అందింది. విమానం దేహం సిద్ధంగా ఉన్నా, గుండె కోసం ఎదురుచూడవలసి వచ్చింది.

ఇక్కడే ప్రభుత్వ విధానం పని చెయ్యాలి. విధానం రెండు రకాలుగా సాయపడుతుంది. మొదటిది, దారిలో అడ్డాలు తీసెయ్యడం. విమాన భాగాల దిగుమతిపై ఒక్కోదానికి ఒక్కో రకంగా, 28 శాతం దాకా ఉన్న పన్నును 2024 జూలై 15 నుంచి అన్నిటికీ 5 శాతం చేశారు. విమానాల మరమ్మతు పనిపై పన్నును 2020లోనే 18 నుంచి 5 శాతానికి తగ్గించారు. మన విమానాలు మరమ్మతుకు విదేశాలకు వెళ్ళే అవసరం తగ్గాలన్నది దీని ఉద్దేశం.

రెండోది, మన దగ్గర లేని నేర్పును సంపాదించుకోవడం. ఇది పన్ను తగ్గించినంత సులువు కాదు, ఏళ్ళు పడుతుంది. కానీ సాధ్యమేనని మన భిలాయ్ చూపించింది. విమానవాహక నౌక విక్రాంత్‌కు కావలసిన ప్రత్యేకమైన ఉక్కు విదేశాల నుంచి దొరకడం కష్టమైనప్పుడు, హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్, సెయిల్‌తో కలిసి డీఎంఆర్-249 అనే ఉక్కును రూపొందించింది. భిలాయ్, బొకారో, రూర్కెలా కర్మాగారాలు సుమారు 30,000 టన్నులు అందించాయి. కొచ్చిలో నౌక తయారై, 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరింది. ఇప్పుడు యుద్ధవిమానాలు దిగేది ఆ ఉక్కు మీదే.

"మన ఊళ్ళో పట్టాలే కదా చేస్తారు, విమానాలతో మనకేం పని?" అని మీలో ఎవరైనా అనుకుంటూ ఉంటే, ఇదే మా జవాబు. పిల్లలూ, ఈసారి భిలాయ్ పవర్‌హౌస్ స్టేషన్‌కు వెళ్ళినప్పుడు ప్లాట్‌ఫారం మీదే నిలబడి, పట్టా పక్కన ఉండే అక్షరాలను దూరం నుంచి చూడండి. కింద మాత్రం దిగకండి. ఇంటికొచ్చాక కర్మాగారంలో పనిచేసే మీ నాన్నగారినో, తాతగారినో హీట్ నంబరు గురించి అడగండి. ఆ నంబరు వెనక ఒక మనిషి మాట ఉంటుంది: "దీన్ని నేను పరీక్షించాను, బాగుంది" అని. ఆ మాట అబద్ధమైతే రైలైనా, విమానమైనా నిలవదు. పెద్దయ్యాక మీరు ఏ పనిలో ఉన్నా, మీ సంతకం అలా నమ్మదగినదై ఉండాలి.

ఇక మేమూ ఒక విధానం పెట్టుకున్నాం. వచ్చే బదిలీకి మంచం బోల్టులు లారీ ఎక్కవు. పేరు రాసిన సంచిలో, మా చేతిలోనే ప్రయాణం చేస్తాయి. అదే కొలత బోల్టులు మరో నాలుగు కొని కూడా ఉంచాం.