చెరిపేసిన పాటల చరిత్ర

తాళపత్ర గ్రంథం ఒకటి దొరకకుండా పోయిందంటే దాన్ని చెదలు తినేశాయనో, వరదలో పోయిందనో, విలువ తెలియని వారసులు ఏట్లో కలిపారనో చెప్పుకుంటాం. టెలివిజన్‌లో ప్రసారమైన పాట పోవటానికి చాలా సందర్భాల్లో ఇలాంటి కారణాలేవీ కనిపించవు. టేపు బాగానే ఉంది, దాన్ని పెట్టిన గది బాగానే ఉంది, గది తాళంచెవి గల ఉద్యోగి కూడా ఉన్నాడు. ఆ టేపును చెరిపి మరో కార్యక్రమానికి వాడుకోవచ్చునని ఒక కాగితం వచ్చింది, పని జరిగిపోయింది. ఆ పాట ఒక నిర్ణయం వల్ల పోయింది.

ఆ నిర్ణయం ఏ లెక్కల మీద జరిగింది? పోయినదాన్ని ఇప్పుడు ఎలా వెతుకుతున్నారు? ఈ ప్రశ్నలు ఇంజనీర్లకే సంబంధించినవని రచయితలు పక్కకు తప్పుకోవటానికి వీల్లేదు. పాటలో మాట సగమైతే గొంతు సగం. హాస్యగాడి సంభాషణ కాగితం మీద చదివితే చప్పగా ఉంటుంది. ఆ మాట అనేముందు అతను ఎంతసేపు ఆగాడో చూస్తేగాని జనం ఎందుకు నవ్వారో తెలియదు. ఇరవయ్యో శతాబ్దంలో కోట్లాది జనం తమ ఇళ్ళలో కూర్చుని అనుభవించిన కళ ఇది. దాని మూలప్రతులు చూడకుండా ఆనాటి ప్రజల అభిరుచి గురించి రాసే విమర్శలో చాలాభాగం ఊహే అవుతుంది.

ముందు ఈ ముద్రణ సంగతి కొంత తెలుసుకోవాలి. టెలివిజన్ తొలిరోజుల్లో చాలా కార్యక్రమాలు స్టూడియోలో జరుగుతూండగానే ప్రసారమయ్యేవి. వాటిని దాచుకోవాలంటే టెలివిజన్ తెర ఎదుట సినిమా కెమెరా పెట్టి ఫిల్ము మీదికి ఎక్కించటం ఒక్కటే మార్గం. దీన్ని అమెరికాలో కినెస్కోప్ అనీ, బ్రిటన్‌లో టెలిరికార్డింగ్ అనీ అన్నారు. 1956లో ఆంపెక్స్ కంపెనీ రెండంగుళాల వెడల్పు గల వీడియో టేపు యంత్రాన్ని తెచ్చింది. గంటసేపు ముద్రించే టేపు చుట్ట ఖరీదు అప్పట్లో సుమారు 300 డాలర్లు. అయితే ఫిల్ముకు లేని సుగుణం టేపుకు ఉంది: చెరిపి మళ్ళీ వాడుకోవచ్చు. ఈ సుగుణమే తర్వాత కొంప ముంచింది. టేపు మీద ఉన్న కార్యక్రమానికంటే ఖాళీ టేపుకే ఎక్కువ విలువ కట్టే పరిస్థితి వచ్చింది.

బ్రిటన్‌లో బి.బి.సి. అనుభవం దీనికి మంచి ఉదాహరణ. ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ అనే పాటల కార్యక్రమం 1964 జనవరి 1న మాంచెస్టర్‌లో మొదలైంది. ఒకప్పుడు చర్చిగా ఉన్న భవనమే దాని స్టూడియో. వారం వారం జనాదరణ పొందిన పాటల్ని వరసపెట్టి వినిపించిన ఆ కార్యక్రమం 2006 దాకా నడిచింది. కాని 1960ల నాటి ప్రసారాల్లో పూర్తిగా మిగిలినవి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. 1966 జూన్ 16న బీటిల్స్ బృందం ఆ కార్యక్రమానికి స్వయంగా వచ్చి పాల్గొంది. ఆ టేపు కూడా పోయింది. ప్రపంచమంతా ఎరిగిన గాయకులకే ఈ గతి పట్టినప్పుడు తక్కినవారి సంగతి చెప్పేదేముంది?

ఎందుకిలా జరిగిందో చూస్తే ఒక్క దుర్మార్గుడు కనిపించడు. నాలుగైదు కారణాలు కలిసి కనిపిస్తాయి. టేపు ఖరీదు ఒకటి. స్థలాభావం ఒకటి. ఫిల్ము లైబ్రరీ వారికి ఫిల్ములే తమ బాధ్యత. టేపులు ఇంజనీరింగు శాఖవి. విదేశాలకు అమ్మే ప్రతులు అమ్మకాల శాఖవి. కార్యక్రమాన్ని కార్యక్రమంగా కాపాడవలసిన బాధ్యత ఏ శాఖకూ లేదు. ఇక నటుల, సంగీత కళాకారుల సంఘాలతో కుదిరిన ఒప్పందాల ప్రకారం ఒక కార్యక్రమాన్ని కొంత గడువులోపల, పరిమితంగానే పునఃప్రసారం చెయ్యాలి. ఆ గడువు దాటాక టేపు వల్ల సంస్థకు ఉపయోగం లేదు.

ఈ చివరి కారణం మనం జాగ్రత్తగా ఆలోచించవలసింది. పాత టేపుల్నే తిప్పితిప్పి చూపిస్తే కొత్త పనీ, కూలీ ఎక్కడినుంచి వస్తాయని కళాకారుల సంఘాలు అడగటం న్యాయమే. వాయిద్యం వాయించి పొట్టపోసుకునేవాడికి అది బతుకుతెరువు. తప్పు ఆ కోరికలో లేదు. మళ్ళీ ప్రసారం చెయ్యటం వేరు, భద్రపరచటం వేరు అన్న తేడాను ఒప్పందాల్లో ఎవరూ గుర్తించలేదు. ఆ తేడా గుర్తించి ఉంటే కళాకారుడి కూలీ దక్కేది, అతని కళా దక్కేది.

వీటన్నిటి వెనకా ఒక విలువల తూకం ఉంది. రాచవేడుకలు, చర్చిల్ అంత్యక్రియల వంటి ఘట్టాలు చరిత్ర అని వెంటనే గుర్తుపట్టారు. పాటలు, హాస్యం, గారడీ, నృత్యం కలిపిన వినోద ప్రదర్శన మటుకు నిన్నటి పత్రిక లాంటిదని అనుకున్నారు. చివరికి 1969 జూలైలో మనిషి చంద్రుడిమీద కాలుపెట్టిన సందర్భంలో బి.బి.సి. స్టూడియోలో పింక్ ఫ్లాయిడ్ బృందం అప్పటికప్పుడు వాయించిన సంగీతానికి దృశ్యం మిగల్లేదు, శబ్దం మాత్రమే మిగిలింది. టేపుల్ని యథేచ్ఛగా చెరిపే పద్ధతి బి.బి.సి.లో 1978 ప్రాంతంలో ఆగింది. ఏది ఉంచాలో ఎంచే ఉద్యోగాన్ని అప్పుడుగాని ఏర్పాటు చెయ్యలేదు.

ఇక వెతికే పద్ధతి. ఇది మన ప్రాచీన గ్రంథాలను పరిష్కరించిన పండితుల పద్ధతికి ఎంతో దగ్గరగా ఉంటుంది. మొదట కాగితాలు. ఏ తేదీన ఏది ప్రసారమైందో తెలియకుండా ఏది పోయిందో తెలియదు. బ్రిటన్‌లో ‘రేడియో టైమ్స్’ వారపత్రిక పాత సంచికలు, కేవర్షమ్‌లో ఉన్న బి.బి.సి. లిఖిత పత్రాల భాండాగారం ఇందుకు ఆధారం. ప్రకటించిన కార్యక్రమమే ప్రసారమైందని నమ్మటానికి కూడా వీల్లేదు. ప్రసారమైన తర్వాత రాసుకున్న చిట్టాతో సరిచూడాలి.

రెండోది ప్రతుల వంశవృక్షం. అసలు టేపు నుంచి ఎన్ని ప్రతులు తీశారు, ఎవరికి పంపారు? విదేశాలకు అమ్మేందుకు ఫిల్ము మీదికి ఎక్కించిన ప్రతులు దేశదేశాలు తిరిగాయి. మాతృసంస్థలో టేపు చెరిగిపోయినా, ఎక్కడో ఆఫ్రికాలోనో ఆస్ట్రేలియాలోనో డబ్బా మిగిలి ఉండవచ్చు. మోర్కాంబ్, వైజ్ అనే హాస్యజంట 1968లో చేసిన ప్రదర్శన ఒకటి ఇలాగే ఆఫ్రికాలో దొరికింది. అయితే ఆ ఫిల్ము కుళ్ళి, పొరలన్నీ అంటుకుపోయి గట్టి ముద్దయింది. పాత అసిటేట్ ఫిల్ముకు వచ్చే రోగమిది. డబ్బా తెరిస్తే వెనిగర్ వాసన కొడుతుంది. దాన్ని విప్పబోతే పొడి అవుతుంది గనక లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయంలో దంతాల పరిశోధనకు వాడే ఎక్స్‌రే యంత్రంతో ముద్ద లోపలి పొరల్ని చిత్రించి, బొమ్మల్ని కొంతవరకు రాబట్టారు.

మూడోది మనుషులు. కార్యాలయం పారేసినదాన్ని పనివాడు దాచుకున్న సందర్భాలున్నాయి. 1973 జనవరి 4న ప్రసారమైన డేవిడ్ బౌవీ పాటను, తన కెమెరా పనితనానికి నమూనాగా ఉంటుందని జాన్ హెన్‌షాల్ అనే కెమెరామన్ టేపు చేయించుకున్నాడు. ఆ పాట లోకంలో మరెక్కడా లేదన్న సంగతి చాలా ఏళ్ళపాటు ఆయనకే తెలియదు. 2011 డిసెంబరులో దాన్ని బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో మళ్ళీ జనానికి చూపించారు. ఇలా దొరికినవాటిని ప్రదర్శించే సభలు ఆ సంస్థలో 1993 నుంచీ జరుగుతున్నాయి. మోర్కాంబ్ కుటుంబం ఇంటి అటకమీద 1970 నాటి ప్రదర్శన ఫిల్ము ఒకటి దొరికితే, 2021 క్రిస్మస్ నాడు ప్రసారం చేశారు. బీటిల్స్ పాల్గొన్న ఆ 1966 కార్యక్రమాన్ని, ఇంట్లో టీవీ ముందు చిన్న 8 మిల్లీమీటర్ల కెమెరా పెట్టి ఎవరో తీసుకున్నారు. ఆ ఫిల్ము తాలూకు 11 సెకండ్లు 2019లో మెక్సికోలోని ఒక సేకర్త దగ్గర బయటపడ్డాయి. అందులో శబ్దం లేదు. శబ్దం లేని పాట ఏం పాట అనవచ్చు. శిథిల శాసనంలో నాలుగక్షరాలు దొరికినా చరిత్రకారుడు వదలడు గదా!

ఎంత వెతికినా దొరకనివి ఉంటాయి. అప్పుడు ఏం చెయ్యాలన్నదే విమర్శకుడికి గట్టి పరీక్ష. హేజల్ స్కాట్ ఉదంతం చూడండి. ట్రినిడాడ్‌లో పుట్టి న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో పెరిగిన నల్లజాతి పియానో విద్వాంసురాలు ఆమె. నల్లవారినీ తెల్లవారినీ వేరువేరుగా కూర్చోబెట్టే సభల్లో వాయించనని ఖండితంగా చెప్పిన మనిషి. 1950లో డ్యూమాంట్ టెలివిజన్ సంస్థ ఆమె పేరుమీదనే సంగీత కార్యక్రమం నడిపింది. అమెరికాలో ఒక నల్లజాతి మహిళ సొంతంగా నిర్వహించిన తొలి జాతీయస్థాయి టెలివిజన్ కార్యక్రమంగా దాన్ని చెబుతారు. అదే ఏడాది కమ్యూనిస్టు సానుభూతిపరులంటూ కళాకారుల పేర్లు అచ్చువేసిన ‘రెడ్ చానల్స్’ జాబితాలో ఆమె పేరు వచ్చింది. సెప్టెంబరు 22న ఆమె తనంత తానుగా ప్రతినిధుల సభ విచారణ సంఘం ఎదుటికి వెళ్ళి ఆ ఆరోపణను కాదని చెప్పి, ఇలాంటి జాబితాల పద్ధతిని ఖండించింది. వారం తిరిగేసరికి ఆమె కార్యక్రమం ఆగిపోయింది. ఆ కార్యక్రమంలోని ఒక్క భాగం కూడా మిగిలినట్టు తెలియదు.

కార్యక్రమాన్ని ఆపినవారే ఫిల్ముల్ని కూడా నాశనం చేశారని చెప్పటం తేలిక. వినటానికి బాగుంటుంది, కాని అందుకు ఆధారం లేదు. డ్యూమాంట్ 1956లో మూతపడింది. గాయని, నటి ఈడీ ఆడమ్స్ 1996లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జరిపిన విచారణలో చెప్పినదాన్నిబట్టి, 1970ల తొలిరోజుల్లో ఆ సంస్థ ఫిల్ములు మూడు లారీలకెత్తి న్యూయార్క్ రేవు నీళ్ళలో పారబోశారు. వాటిని దాచే ఖర్చు ఎవరు భరించాలన్నదే అక్కడ తగాదా. హేజల్ స్కాట్‌ను తెరమీదనుంచి దించింది రాజకీయం. డ్యూమాంట్ ఫిల్ముల్ని నీళ్ళపాలు చేసింది వ్యాపారం. ఈ రెండిటినీ ఒకే కుట్రగా అల్లితే చరిత్ర పలచబడుతుంది. విడివిడిగా చూస్తేనే, మార్కెట్టు లెక్క ఏ ద్వేషమూ లేకుండానే ద్వేషం చేసే పనిని పూర్తిచెయ్యగలదన్న సంగతి తేటపడుతుంది. ఆమె గ్రామఫోను రికార్డులు, నటించిన సినిమాలు, విచారణలో ఇచ్చిన వాంగ్మూలం, ఆనాటి పత్రికల సమీక్షలు ఉన్నాయి. వాటితో ఆ కార్యక్రమం చుట్టూ ఒక గీత గియ్యవచ్చు. గీత లోపలి ఖాళీని కల్పనతో నింపకుండా ఖాళీగానే చూపించటం విమర్శకుడి నిజాయితీ.

చెరిపెయ్యకపోయినా పోయినట్టే ఉండే పాటలు కూడా ఉన్నాయి. 1969 వేసవిలో హార్లెమ్‌లో జరిగిన సంగీతోత్సవాన్ని హాల్ టుల్చిన్ సుమారు 40 గంటలపాటు వీడియో టేపు మీదికెక్కించాడు. అందులో కొద్దిభాగం అప్పట్లో టెలివిజన్‌లో వచ్చింది. మిగతాది కొనేవాడు లేక దాదాపు యాభై ఏళ్ళు నేలమాళిగలో పడి ఉంది. 2021లో ‘సమ్మర్ ఆఫ్ సోల్’ చిత్రంగా వచ్చేదాకా అమెరికా సంగీత చరిత్రలో ఆ ఉత్సవానికి దక్కింది చాలా తక్కువ చోటు. టుల్చిన్ 2017లోనే చనిపోయాడు.

మన సంగతికి వద్దాం. నన్నెచోడుడి కుమారసంభవాన్ని మానవల్లి రామకృష్ణకవి తంజావూరు గ్రంథాలయంలో గుర్తించి 1909లో అచ్చువేయించేదాకా తెలుగు సాహిత్య చరిత్రలో ఆ కవికి చోటు లేదు. ఒక్క ప్రతి దొరికితే చరిత్ర వరస ఎలా కదులుతుందో మనకు తెలుసు. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. టేపులు చెరిపి వాడుకునే అలవాటు దూరదర్శన్‌కూ ఉండేది. ఆ తెరమీద కనిపించిన జానపద కళాకారులు, హరికథకులు, బుర్రకథ దళాలవారు ఎందరో మరి లేరు. దొరికేదల్లా సంస్థ గదుల్లోనే దొరుకుతుందని కూర్చుంటే లాభం లేదని పై ఉదాహరణలన్నీ చెబుతున్నాయి.

సాహిత్య విద్యార్థి దీన్ని పరిశోధనాంశంగా తీసుకుని ఇవాళే మొదలుపెట్టవచ్చు. పాత దినపత్రికల్లో రోజూ అచ్చయిన దూరదర్శన్ కార్యక్రమాల వివరాలను తేదీలవారీగా ఎత్తిరాసుకోవాలి. పాల్గొన్న కళాకారుల్ని, వారి కుటుంబాలవారిని, పదవీ విరమణ చేసిన కెమెరామన్లని, సౌండు ఇంజనీర్లని కలుసుకోవాలి. ఇళ్ళలో వీడియో క్యాసెట్లు మిగిలి ఉంటే వాటిని తుడిచి ఆడించబోకుండా, తెలిసినవారి చేత ప్రతి తీయించాలి. బూజుపట్టిన టేపును యంత్రంలో పెడితే టేపూ పోతుంది, యంత్రమూ పోతుంది. పెట్టెమీద రాసిన పేరును నమ్మకుండా చివరిదాకా చూడాలి, ఒక కార్యక్రమం చివర మరో కార్యక్రమం ముక్క మిగిలి ఉంటుంది. దొరికినదాని తేదీ, దొరికిన చోటు, ఇచ్చినవారి అనుమతి రాసిపెట్టాలి. అయస్కాంతపు పూత రాలిపోవటానికి ఎవరి ఉత్తరువూ అక్కర్లేదు. మిగిలిన టేపుల్లో పాట ఏటేటా తరుగుతూనే ఉంది.