చల్లగాలి ఎటు పోతోంది? ఏసీ డక్టుల్లో, గదుల్లో లీకులు కనిపెట్టి మూసుకునే విధానం

ఏటా మే 4 ప్రాంతంలో కత్తిరి ఎండలు మొదలై నెలాఖరు దాకా ఉంటాయి. గుడియాత్తం గంగమ్మ సిరసు తిరునాళ్ల సరిగ్గా ఆ నడుమనే, వైకాశి ఒకటో తేదీన వస్తుంది. ఆ రోజుల్లో వేలూరులో ఎండ 40 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. మన పెద్దలు కట్టుకున్న తొట్టి ఇళ్లలో వేడిగాలి పైకి పోయేందుకు దారి ఉండేది. మందపాటి గోడలు పగటి వేడిని ఆపేవి. ఇప్పుడు అవే ఇళ్లను గదులుగా విడదీసి, పైన కాంక్రీటు మిద్దె వేసి, ఏసీ పెట్టుకున్నాం. గాలి బయటికి పోవాలని కట్టిన ఇంట్లో గాలిని లోపలే నిలిపే యంత్రం పెట్టామన్నమాట. చిక్కంతా ఇక్కడే ఉంది.

గది చల్లబడకపోతే మెకానిక్‌ను పిలుస్తాం. "గ్యాస్ తగ్గింది, నింపాలి" అనే మాట చాలా ఇళ్లలో వినబడుతుంది. స్కూటర్‌లో పెట్రోలు అయిపోయినట్టు ఏసీలో గ్యాస్ ఖర్చయిపోదు. అది మూసిన రాగి గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. నిజంగా తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. ఆ చోటు మూయకుండా నింపితే వచ్చే ఏడాది మళ్లీ అదే ఖర్చు. ఇక గ్యాస్ సరిగానే ఉండి గది చల్లబడకపోతే చూడాల్సింది చల్లగాలి బయటికి పోతున్న దారులు.

500 యూనిట్ల గడప

తమిళనాడులో ఈబీ లెక్క రెండు నెలలకు ఒకసారి. మొదటి 100 యూనిట్లు ఉచితం. తర్వాత మెట్లు మెట్లుగా ధర పెరుగుతుంది. అసలు దెబ్బ 500 యూనిట్లు దాటినప్పుడు తగులుతుంది. ఆ గడప దాటితే పై యూనిట్లకే కాదు, కింది యూనిట్లలో కొన్నిటికి కూడా ధర మారిపోతుంది.

2022 సెప్టెంబరులో వచ్చిన రేట్లతో లెక్క చూద్దాం. ఒక ఇంట్లో ఫ్రిజ్, ఫ్యాన్లు, మోటారు, లైట్లకు రెండు నెలలకు 170 యూనిట్లు, ఏసీకి 300 యూనిట్లు అవుతాయనుకోండి. మొత్తం 470. 500 లోపు కాబట్టి 101 నుంచి 200 వరకు యూనిట్‌కు రూ. 2.25, 400 వరకు రూ. 4.50, ఆపైన రూ. 6. బిల్లు రూ. 1,545. లీకుల వల్ల అదే ఏసీ నూటికి 15 వంతులు ఎక్కువ తిరిగిందనుకుందాం. అదనంగా 45 యూనిట్లు, మొత్తం 515. ఇప్పుడు 101 నుంచి 400 వరకు అన్నిటికీ రూ. 4.50, తర్వాతి నూటికి రూ. 6, చివరి 15 యూనిట్లకు రూ. 8 చొప్పున బిల్లు రూ. 2,070. అంటే 45 యూనిట్లకు 525 రూపాయలు ఎక్కువ. ఒక్కో యూనిట్ పదకొండున్నర రూపాయలకు పైగా పడినట్టు. తర్వాత రేట్లు కొంత పెరిగాయి గానీ మెట్ల పద్ధతి అదే. పింఛను మీద బతికే పెద్దలు, మగ్గం మీద ఆధారపడిన కుటుంబాలు చూసుకోవాల్సిన లెక్క ఇది.

డక్టు అంటే ఏమిటి? కారితే ఏమవుతుంది?

గోడకు తగిలించే స్ప్లిట్ ఏసీకి డక్టు ఉండదు. నగల దుకాణాల్లో, పెద్ద బట్టల షోరూముల్లో, కల్యాణ మండపాల్లో ఫాల్స్ సీలింగ్ పైన పోయే రేకు గొట్టాలే డక్టులు. ఒక చోట చల్లబరచిన గాలిని అవి గది గదికీ చేరుస్తాయి. ఈ మధ్య కొత్తగా కట్టే పెద్ద ఇళ్లలో కూడా ఇవి పెడుతున్నారు.

వీటిలో రెండు రకాలున్నాయి. చల్లగాలిని గదికి తెచ్చేది ఒకటి, గదిలో గాలిని తిరిగి యంత్రానికి చేర్చేది ఇంకొకటి. మొదటిది కారితే డబ్బు పెట్టి చల్లబరచిన గాలి ఫాల్స్ సీలింగ్ పైన, ఎవరూ లేని చోట పోతుంది. అంతటితో ఆగదు. గదికి రావాల్సిన గాలి తగ్గినా గదినుంచి లాగే గాలి తగ్గదు. ఆ లోటు పూడ్చడానికి తలుపు సందుల్లోంచి, కిటికీ సందుల్లోంచి బయటి వేడిగాలి లోపలికి వస్తుంది. రెండోది కారితే మిద్దె కింద మరిగిన గాలి, దుమ్ము, పాత బొద్దింకల వాసన అన్నీ యంత్రంలోకి పోయి గదిలోకి వస్తాయి. ఇంట్లో ఆయాసం ఉన్నవారికి ఇది బిల్లు కంటే పెద్ద సమస్య.

అమెరికా ప్రభుత్వ ఎనర్జీ స్టార్ కార్యక్రమం లెక్క ప్రకారం అక్కడి మామూలు ఇంట్లో డక్టుల్లో పోయే గాలిలో నూటికి 20 నుంచి 30 వంతులు లీకులు, రంధ్రాలు, సరిగా అతకని కీళ్ల వల్ల వృథా అవుతుంది.

డక్టులకు పరీక్ష

కంపెనీల పద్ధతి ఇది. గదుల్లోని గాలి జాలీలన్నిటినీ టేపుతో మూస్తారు. ఒక చోట కొలత ఫ్యాన్ బిగించి డక్టులోకి గాలి ఊదుతారు. లోపలి ఒత్తిడి 25 పాస్కల్‌లకు చేరేదాకా ఊది, దాన్ని అక్కడే నిలపడానికి ఎంత గాలి పట్టిందో చూస్తారు. 25 పాస్కల్‌లంటే రెండున్నర మిల్లీమీటర్ల నీటి బరువంత, చాలా చిన్న ఒత్తిడి. గొట్టం పూర్తిగా బిగువుగా ఉంటే గాలి దాదాపు పట్టదు. ఎంత పడుతోందో అంత కారుతోందని అర్థం. ఇంట్లో డక్టు ఏసీ పెట్టించుకునేవారు ఫాల్స్ సీలింగ్ మూయకముందే ఈ పరీక్ష చేయించమని రాతపూర్వకంగా అడగాలి. మూసిన తర్వాత కీళ్లు చేతికి అందవు.

యంత్రం లేకుండా చేసే పని కూడా ఉంది. మామూలు థర్మామీటరుతో యంత్రానికి దగ్గరి జాలీ దగ్గర, దూరపు జాలీ దగ్గర గాలి వేడిమి చూడండి. తేడా రెండు మూడు డిగ్రీలకు మించితే నడుమ గొట్టం కారుతోందో, దానిపై చుట్టిన పొర చెడిందో చూపించాలి.

మన గదులకు పరీక్ష

మనలో ఎక్కువమందికి ఉన్నది స్ప్లిట్ ఏసీ. అక్కడ గదే డక్టు. దాన్ని పరీక్షించడానికి ఖర్చు లేదు.

రాత్రి గదిలో దీపాలార్పి, బయటినుంచి ఒకరు తలుపు, కిటికీ అంచుల వెంట టార్చి వేయాలి. లోపలున్నవారికి వెలుతురు కనబడిన చోటల్లా గాలి పోతుంది.

ఫ్యాన్ ఆపి, అగరువత్తి వెలిగించి తలుపు సందు, కిటికీ మూలలు, స్విచ్ బోర్డు, ఏసీ గొట్టం పోయే రంధ్రం దగ్గర పట్టుకోండి. పొగ నిటారుగా పైకి పోతే సరి. పక్కకు వంగితే అక్కడ సందు ఉంది. తెరలకు, పరుపులకు దూరంగా పట్టుకోండి.

తలుపు రెక్కకూ చట్రానికీ నడుమ కాగితం పెట్టి తలుపు మూయండి. కాగితం సులువుగా బయటికి వస్తే బిగువు లేదు.

మూడడుగుల తలుపు కింద అర అంగుళం సందు ఉందనుకోండి. 36 అంగుళాల వెడల్పు, అర అంగుళం ఎత్తు కలిస్తే 18 చదరపు అంగుళాలు. గోడలో నాలుగు అంగుళాల పొడవు, నాలుగున్నర అంగుళాల వెడల్పు కన్నం పెట్టి ఏసీ నడుపుతున్నట్టే. పాత ఇళ్లలో తలుపు పైన వెంటిలేటర్ కూడా ఉంటే ఇక చెప్పనక్కర్లేదు.

దేనితో మూయాలి?

తలుపు కింద రబ్బరు లేదా బ్రష్ పట్టీ బిగించండి. చట్రం చుట్టూ అంటించే నురుగు పట్టీ హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది. కిటికీ అద్దం చుట్టూ సిలికాన్ చాలు. ఏసీ గది వెంటిలేటర్‌ను అద్దంతో గానీ తీసి పెట్టుకునే పలకతో గానీ మూయండి. శాశ్వతంగా ఇటుకలు పెట్టవద్దు. రాగి గొట్టం పోయే రంధ్రంలో పాత బట్టలు, థర్మాకోల్ ముక్కలు కుక్కడం మామూలు. వాటిని తీసి నురుగుతో గానీ పుట్టీతో గానీ నింపండి. బల్లులు, చీమలు రావడం కూడా ఆగుతుంది. నీళ్లు పోయే సన్న గొట్టాన్ని మాత్రం నలపకూడదు. బయట రాగి గొట్టం మీది నల్ల తొడుగు ఎండకు పగిలిపోతుంది, దాన్ని మార్పించండి.

డక్టుల విషయంలో ఒక ముఖ్యమైన మాట. ఇంగ్లీషులో డక్ట్ టేప్ అని అమ్మే గుడ్డ టేపు డక్టులకు పనికిరాదు. 1998లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో మాక్స్ షెర్మన్, ఇయాన్ వాకర్ రకరకాల టేపులను, పూతలను వేడికీ చలికీ మార్చి మార్చి గురిచేసి చూశారు. గుడ్డ టేపే ఊడిపోయింది. కీళ్లకు మాస్టిక్ అనే చిక్కటి పూత, సందు వెడల్పుగా ఉంటే దానికింద జాలీ పట్టీ వాడాలి. లేదంటే డక్టుల కోసమే తయారైన అల్యూమినియం టేపు వేయాలి. టేపు అతికే ముందు దుమ్ము, జిడ్డు తుడవకపోతే ఏ టేపూ నిలవదు. చేయి పోని చోట లీకులు మూయడానికి అదే ప్రయోగశాలలో మార్క్ మొడేరా ఏరోసీల్ అనే పద్ధతి కనిపెట్టారు. గొట్టంలోకి జిగురు రేణువులు కలిసిన గాలి ఊదుతారు. గాలి ఏ సందులోంచి బయటికి పోతుందో ఆ సందు అంచులకే రేణువులు అంటుకుని దాన్ని పూడుస్తాయి.

ఇవి మూయకండి

లీకులు మూయడం మొదలుపెట్టాక అన్నీ మూసేయాలనిపిస్తుంది. ప్రాణం మీదికి వచ్చేది అక్కడే. గ్యాస్ గీజర్ ఉన్న స్నానాల గది వెంటిలేటర్ ఎప్పుడూ మూయకూడదు. గాలి చాలక గ్యాస్ సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. లోపలున్నవారికి తెలిసేలోగా స్పృహ తప్పుతుంది. వంటగది గాలి దారి కూడా అంతే. కరెంటు పోయినప్పుడు జనరేటర్ నడిపేవారు దాన్ని వరండాలో, కిటికీ పక్కన పెట్టవద్దు.

స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే తిప్పుతుంది. బిగువుగా మూసిన గదిలో నలుగురైదుగురు పడుకుంటే తెల్లవారేసరికి తల బరువెక్కుతుంది. పడుకునే ముందు, లేచాక కాసేపు తలుపు, కిటికీలు తెరవండి. దగ్గు జబ్బు ఉన్న మనిషి ఇంట్లో ఉంటే గాలి ఆడటమే ముఖ్యం, బిల్లు తర్వాత.

పై అంతస్తు గదులవారు ఇంకొకటి గమనించాలి. సందులన్నీ మూసినా మిద్దె వేడి దిగుతూనే ఉంటుంది. మిద్దెకు తెల్ల సున్నం గానీ తెల్ల పెంకులు గానీ వేస్తేనే ఆ వేడి తగ్గుతుంది. ఏసీని 24 డిగ్రీల దగ్గర పెట్టి ఫ్యాన్ కలిపితే చాలామందికి సరిపోతుంది. కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ లెక్కలో ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా.

పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దలకు

మన ఇళ్లలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. డల్లాస్, హ్యూస్టన్ వైపు ఇళ్లలో డక్టులు ఎక్కువగా పైకప్పు కింది అటకలోనే పోతాయి. వేసవిలో ఆ అటక 50 డిగ్రీలు దాటుతుంది. ఒక గది చల్లగా, ఒక గది ఉక్కగా ఉందంటే, ఫిల్టరు మార్చిన కొద్ది రోజులకే దుమ్ము పడుతోందంటే డక్టు పరీక్ష చేయించమని చెప్పండి. పాత ఇంట్లో గొట్టానికి తెల్లటి గుడ్డలాంటి చుట్టు కనబడితే అది ఆస్‌బెస్టాస్ కావచ్చు, చేత్తో ముట్టవద్దు. గ్యాస్‌తో ఇల్లు వేడిచేసే యంత్రం ఉంటే సీలు వేసిన తర్వాత పొగ సరిగా బయటికి పోతోందో లేదో చూపించి, కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టించాలి.

ఇక్కడ మన ఇళ్లలో తలుపు పట్టీ, నురుగు పట్టీ, సిలికాన్ ట్యూబు కలిపినా ఖర్చు చిన్నదే, పని ఒక పూటదే. చిత్తిరై పుట్టకముందే చేసుకోండి. తర్వాత రెండు ఈబీ బిల్లుల్లో యూనిట్లను పోయిన ఏడాది అవే నెలల యూనిట్లతో పోల్చి చూడండి. రూపాయలతో పోల్చితే రేట్ల మార్పు వల్ల పొరపడతాం. ఏసీ వాడిన గంటలు అంతే ఉండి యూనిట్లు తగ్గితే పని ఫలించినట్టు. తగ్గకపోతే అప్పుడు మెకానిక్‌ను పిలిచి, గ్యాస్ ఎక్కడ కారుతోందో చూపించి నింపించండి.