పాయింట్ ఆఫ్ ఆర్డర్

చట్టసభలో చర్చ జరుగుతున్నపుడు సభా నియమాలకు గాని, సభా కార్యక్రమాలను నిర్దేశించే రాజ్యాంగ అధికరణాలకు గాని భంగం కలుగుతున్నదని ఒక సభ్యుడు సభాపతి దృష్టికి తెచ్చే అభ్యంతరాన్ని పాయింట్ ఆఫ్ ఆర్డర్ అంటారు. దీనిని లేవనెత్తినపుడు మాట్లాడుతున్న సభ్యుడు ఆగాలి. సభాపతి నిర్ణయం వెలువడిన తరువాతనే చర్చ కొనసాగుతుంది.

నియమాలు

లోక్‌సభలో 376వ నియమం, రాజ్యసభలో 258వ నియమం దీనికి ఆధారం. లోక్‌సభ నియమం ప్రకారం ముఖ్యాంశాలు:

* అభ్యంతరం సాధారణంగా ఆ సమయంలో సభ ముందున్న అంశానికి సంబంధించినదై ఉండాలి.
* సమాచారం కోరడానికి, స్వీయ వివరణ ఇవ్వడానికి, ఊహాజనిత విషయాలకు దీనిని వాడరాదు.
* దీనిపై చర్చ ఉండదు. సభాపతి నిర్ణయమే అంతిమం.

ఉదాహరణకు, ద్రవ్య బిల్లును రాజ్యసభలో ప్రవేశపెట్టజూస్తే 109వ అధికరణాన్ని చూపి అభ్యంతరం చెప్పవచ్చు.

ప్రాముఖ్యత

కేవలం సభావిధానంలో లోపం జరిగిందన్న కారణంతో పార్లమెంటు కార్యకలాపాలను న్యాయస్థానంలో ప్రశ్నించరాదని 122వ అధికరణం చెబుతున్నది. శాసనసభలకు 212వ అధికరణం వర్తిస్తుంది. కనుక విధానపరమైన అభ్యంతరాన్ని సభలోనే, తగిన సమయంలోనే తెలపాలి. అయితే బిల్లు రాజ్యాంగబద్ధమా కాదా అన్నది సభాపతి తేల్చడు. దానిని సభ విచక్షణకు వదిలివేయడం సంప్రదాయం.

తెలంగాణ బిల్లు

ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును రాష్ట్ర శాసనసభ 2014 జనవరి 30న తిరస్కరించింది. 3వ అధికరణం ప్రకారం శాసనసభ అభిప్రాయం కోరాలే గాని, దాని సమ్మతి అవసరం లేదు. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో తీవ్ర గందరగోళం మధ్య కొన్ని సవరణలపై సభ్యులను నిలబెట్టి లెక్కించారు; బిల్లు మూజువాణి ఓటుతో ఆమోదం పొందింది. రాజ్యసభలో ప్రతిపక్ష నాయకుడు అరుణ్ జైట్లీ, హైదరాబాదులో శాంతిభద్రతల బాధ్యతను గవర్నరుకు అప్పగించాలంటే రాజ్యాంగ సవరణ అవసరమని వాదించాడు. ప్రభుత్వం అంగీకరించలేదు. ఫిబ్రవరి 20న ఆ సభ కూడా బిల్లును ఆమోదించింది.

నాగర్‌కర్నూల్ ప్రాంతంతో సంబంధం

సభ్యులను నిలబెట్టి లెక్కించడానికి 367వ నియమంలోని 3వ ఉపనియమం వీలు కల్పిస్తున్నది. దీనిని స్పీకర్ మీరాకుమార్ దృష్టికి తెచ్చినట్లు సూదిని జైపాల్ రెడ్డి తరువాత చెప్పాడు. ప్రస్తుతం నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్న కల్వకుర్తి నుండి ఆయన 1969-84 మధ్య నాలుగు పర్యాయాలు శాసనసభ్యుడిగా ఎన్నికయ్యాడు. 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం పొందాడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ శాసనసభ స్థానాలు నాగర్‌కర్నూల్ లోక్‌సభ నియోజకవర్గంలో భాగాలు. ఆ బిల్లుతో ఏర్పడిన తెలంగాణలో 2016 అక్టోబరు 11న ఈ మూడు పట్టణాలూ జిల్లా కేంద్రాలయ్యాయి.