రివాల్వరా? పిస్తోలా? తెర మీది తుపాకుల తీరు

హైదరాబాదు: ఫిల్మ్‌నగర్ సినిమాల్లో హీరో చేతి తుపాకులు రెండు రకాలు. 1971లో వచ్చిన కృష్ణ చిత్రం ‘మోసగాళ్ళకు మోసగాడు’ చూసినవారికి రివాల్వరు తెలిసిందే. దాని తిరిగే చక్రంలో సాధారణంగా ఆరు తూటాలు పడతాయి. ఒకటి పేలకపోతే మీట మళ్ళీ నొక్కితే చాలు, పక్క తూటా ముందుకొస్తుంది.

పిస్తోలు తూటాలు పిడిలోని మేగజైనులో ఉంటాయి. ఇషాపూర్‌లో తయారైన 9 మి.మీ. పిస్తోలులో 13 పడతాయి. పేలినప్పుడల్లా ఖాళీ గొట్టం బయటపడి, కొత్త తూటా ఎక్కుతుంది. అది ఇరుక్కుంటే మాత్రం పై భాగాన్ని చేత్తో వెనక్కి లాగి సరిచేయాలి.

షూటింగులో వాడేవి గుండు లేని ఉత్తుత్తి తూటాలు. వాటి ఒత్తిడి చాలదు కనుక పిస్తోలుకు ముందే మార్పులు చేయాలి. రివాల్వరుకు ఆ బెడద లేదు.

అలాగని రివాల్వరును నమ్మి ఊరుకోరాదు. అమెరికాలో 1993లో నటుడు బ్రాండన్ లీ, 2021లో ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ షూటింగులోనే రివాల్వరు దెబ్బకు బలయ్యారు. పిస్తోలుదీ మరో గండం: మేగజైను తీసినా లోపల ఒక తూటా మిగిలి ఉండవచ్చు.

లైసెన్సు లేని తుపాకి 1959 ఆయుధాల చట్టం కింద నేరం. లైసెన్సున్నవారైనా ‘ఖాళీదే’ అన్న మాట నమ్మక, విప్పి కళ్ళారా చూసుకోవాలి. పిల్లలకు అందకుండా తాళం వేయాలి.