ప్రాణం నిలిపిన వంటసోడా

హౌరా: 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల్లో కలరా ప్రబలింది. హౌరాకు ఆవలి ఒడ్డునున్న కోల్‌కతాలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ బృందం ఒక మిశ్రమాన్ని పొట్లాలుగా కట్టించింది. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజ్, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా.

సోడా ఎందుకు? మానవ రక్తం స్వల్పంగా క్షారగుణం కలది. దాని పీహెచ్ 7.35, 7.45 మధ్య నిలవాలి. ఆమ్లం పెరిగితే రక్తంలోని బైకార్బొనేట్ దానిని తటస్థపరుస్తుంది. కలరా విరేచనాలతో నీటితోపాటు బైకార్బొనేట్ కూడా నష్టమై, ఆమ్లత పెరిగి ప్రాణాపాయం ఏర్పడుతుంది.

వంటసోడా అంటే సోడియం బైకార్బొనేట్. గ్లూకోజ్ సాయంతో పేగులు ఉప్పును, నీటిని గ్రహించగా, సోడా ఆ క్షారాన్ని భర్తీ చేసింది. బన్‌గావ్ శిబిరంలో మరణాలు సుమారు 30 శాతం నుంచి 4 శాతం లోపునకు తగ్గాయి. నేటి ఓఆర్ఎస్‌లో సోడాకు బదులు సిట్రేట్ ఉంటుంది. శరీరం దానిని బైకార్బొనేట్‌గా మార్చుకుంటుంది.