ఫెంగ్ షుయ్ - ఋతువులు, వేడుకలు

ఫెంగ్ షుయ్ ప్రాచీన చైనాకు చెందిన స్థలనిర్ణయ పద్ధతి. చైనా భాషలో "ఫెంగ్" అనగా గాలి, "షుయ్" అనగా నీరు. ఇళ్ళను, సమాధులను కొండలకు, నీటికి, దిక్కులకు అనుగుణంగా నిర్మిస్తే "ఛీ" అనే జీవశక్తి సక్రమంగా ప్రసరిస్తుందని దీనిని పాటించేవారి విశ్వాసం.

ఋతువులు

పంచతత్వాలలో కొయ్య వసంతానికి, అగ్ని వేసవికి, లోహం శరత్తుకు, నీరు శీతాకాలానికి సంకేతాలు. మట్టి మధ్యస్థానానికి చెందుతుంది. యిన్, యాంగ్ అనే పరస్పర పూరక శక్తుల సమతౌల్యం స్థిరమైనది కాదు, కాలంతోపాటు మారుతుంది. డిసెంబరు 21-23 తేదీలలో వచ్చే దోంగ్‌జీ నాడు యిన్ పరాకాష్ఠకు చేరి, యాంగ్ తిరిగి పెరగనారంభిస్తుందని భావిస్తారు. ఆనాడు దక్షిణ చైనాలో కుటుంబసభ్యులు కలసి జిగురు బియ్యపు పిండితో చేసిన ఉండలు తింటారు.

వేడుకలు

వివాహానికి, గృహప్రవేశానికి పంచాంగం చూసి, వ్యక్తి పుట్టిన సంవత్సరాన్నిబట్టి రోజు నిర్ణయిస్తారు. ఇది మన ముహూర్త నిర్ణయాన్ని పోలి ఉంటుంది. ఏప్రిల్ తొలివారంలో వచ్చే ఛింగ్‌మింగ్ పండుగనాడు పెద్దల సమాధులను శుభ్రపరుస్తారు.

శాస్త్రీయ దృష్టి

ఛీ ఉనికికి శాస్త్రీయ ఆధారం లేదు. అయితే ఉత్తర చైనాలో దక్షిణాభిముఖమైన ఇంటిలోకి చలికాలపు ఎండ వస్తుంది, ఉత్తరపు చలిగాలులు రావు. కనుక ఇటువంటి నియమాలను అక్కడి వాతావరణంతో కలిపి అర్థం చేసుకోవాలి. వేడి ప్రాంతాలకు అవే నియమాలు యథాతథంగా వర్తించవు.