బోర్డు మూలన చిన్న పేరు

అంబాజీపేట వంటి మన ఊళ్ళలో పాత కొట్టు గోడమీద గాని, త్రుప్పు పట్టిన రేకు బోర్డుమీద గాని సబ్బుదో, టీ పొడిదో ప్రకటన కనబడితే సరకు పేరు చదివి వెళ్ళిపోతాము. ఆ అక్షరాలు దిద్దిన చేయి ఎవరిదని అడుగము.

తెలిసికొనుటకు మార్గము లేకపోలేదు. మొదట క్రింది మూల చూడండి. చాలామంది పెయింటర్లు తమ పేరో, తమ 'ఆర్ట్స్' పేరో అక్కడ సన్నగా వ్రాసేవారు. అది చెరిగిపోతే బోర్డు కాలము చూడండి. ధర అణాలలో ఉన్నదా? అది 1957 ఏప్రిల్‌లో నయాపైసలు రాక ముందుదో, వచ్చిన తొలి ఏండ్లదో కావచ్చును. చిరునామాలో పిన్‌కోడు ఉన్నదా? అయితే 1972 ఆగస్టు 15 తరువాతిది. కాలము తేలితే ఆనాటి కొట్టు యజమానిని, రంగుల దుకాణము వారిని, వీధిలోని పెద్దలను అడుగవచ్చును.

సంతకము విలువ తెలియవలెనంటే గోదావరి ఆవల పాలకొల్లులో పుట్టిన ఈశ్వర్ గారిని తలచుకొనండి. 1967లో 'సాక్షి' చిత్రముతో మొదలుపెట్టి ఎన్నో సినిమా పోస్టర్లు వేశారు. వాటిపై తన పేరు ఉంచారు. 2021లో ఆయన కన్నుమూసినను ఆ పేరు నిలిచియున్నది. పేరు వ్రాయని పెయింటరు పని మాత్రము వానకు, ఉప్పుగాలికి కరిగిపోతుంది.

ఫ్లెక్సీలు వచ్చి కుంచె పని తగ్గిపోయినది. ఆ పాత గోడకు సున్నము వేయకముందే ఒక ఫోటో తీయండి. పెయింటరు పేరు, ఊరు, చెప్పినవారి పేరు దాని వెనుక వ్రాసి దాచండి. మనకు అది పాత ప్రకటన. అతని మనుమలకు తాతగారి చేతివ్రాత.